చీటీలో రాయని మాట

ఆమె నా బల్ల ముందున్న స్టూలు మీద నుంచి లేచి నాలుగడుగులు వేసింది. ఎడమకాలి చెప్పు బల్ల కిందే ఉండిపోయింది. ఆమెకి ఆ సంగతి తెలియలేదు. ఎండకి కాలిపోతున్న వరండా గచ్చు మీద, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా, అలాగే నడిచి వెళ్లి గోడ పక్కన నిలబడింది. వేడికి పాదం ఎత్తలేదు. కిందికి చూడలేదు.

నడుము నొప్పితో వచ్చిన మనిషికి పాదం కింద నేల తెలియకపోతే అది మామూలు నడుము నొప్పి కాదని కాలేజీలో మూడో ఏడు చెప్పారు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. బాగా రాశాను. మంచి మార్కులు కూడా వేశారు.

నేను ముప్పై మూడేళ్లకే ఉద్యోగ విరమణ చేసినదాన్ని. శాలువా కప్పలేదు, పెన్షనూ లేదు. ఫిజియోథెరపీ చదివి, ఆత్మకూరులో ఒక ఎముకల డాక్టరుగారి దగ్గర ఆరేళ్లు పనిచేసి, నిరుడు మానేశాను. పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి బాబు నుదురు పట్టుకు చూసి వచ్చాను. జ్వరం లేదు. అయినా చూస్తాను, అది నా జబ్బు. మీరు ఇప్పుడిప్పుడే చదువు ముగించి ఇలాంటి క్లినిక్కుల్లో చేరుతున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు. మీ పుస్తకాల్లో ఉన్నదే నాకూ తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్పాలని ఇది.

మా సార్ వారంలో నాలుగు రోజులు ఆత్మకూరులో చూసేవారు. సోమవారం, గురువారం ఉదయగిరిలో. అక్కడ కొండకి ఎదురుగా మూడు గదుల అద్దె ఇల్లు. ఆయన కారులోనే కాంపౌండరూ నేనూ వెళ్లేవాళ్లం. సార్ మంచి డాక్టరు. ఇది ముందే చెప్పకపోతే ఆ తర్వాత నేను చెప్పేదంతా తప్పుగా అర్థమవుతుంది. పేదవాళ్లని కసురుకోవడం నేను చూడలేదు. చెయ్యి పట్టుకుని మంచం దించేవారు.

అప్పటికప్పుడు పట్టేసిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మంచాన పడకుండా మెల్లగా తిరుగుతూ ఉంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. సార్‌కి ఇది నాకంటే బాగా తెలుసు. కానీ ఈ మాట ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పి చూడండి. చేజర్ల నుంచి ఆత్మకూరు క్లినిక్కుకి ఒక రైతు వచ్చాడు, వరి మూటలెత్తి నడుము పట్టేసి. నేనే పరీక్ష చేసి, "ఏం కాలేదు పెద్దాయనా, నడుస్తా ఉండు, తగ్గిపోతుంది" అన్నాను.

"నడవలేకనే గదమ్మా బస్సెక్కి వచ్చింది!" అన్నాడు ఆయన. "ఫొటో తియ్యకుండా లోపలేముండాదో నీకెట్టా తెలిసె? సూదన్నా వెయ్యకుండా ఏందీ ఆస్పత్రి!"

విసురుగా లేచి వెళ్లి, ఎదురుగా ఉన్న ఇంకో క్లినిక్కులో ఎక్స్‌రే తీయించుకుని, సూది వేయించుకుని, ఆ ఎక్స్‌రే కవరు పట్టుకుని మళ్లీ మా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్లాడు, అందరూ చూసేటట్టు. అప్పుడు వరండాలో పదిమంది ఉన్నారు. సార్ బయటికి వచ్చి వాళ్ల ముందే నాతో, "డాక్టరు నువ్వా నేనా అమ్మా? వచ్చినవాళ్లకి వట్టి నీతులు చెప్పి పంపితే రేపు నీ జీతం ఎవరిస్తారు?" అన్నారు. సాయంత్రానికి ఆయనే మర్చిపోయి నాకు టీ తెప్పించారు. నేను మర్చిపోలేదు. ఉదయగిరిలో ఆమె చెప్పు జారిపోయిన రోజుకి ఇది ఐదు రోజుల ముందు.

డాక్టరు ఎవరికి ఏ మందు రాస్తాడన్నది పుస్తకం ఒక్కటే తేల్చదు. ఎదుటి గుమ్మం తేలుస్తుంది. వరండాలో ఎంతమంది ఉన్నారన్నది తేలుస్తుంది. వచ్చినవాడు కారులో వచ్చాడా, ఆటోలో వచ్చాడా అన్నది కూడా. డాక్టరు సొంత నడుము కూడా తేలుస్తుంది. అంతకు ముందు ఏడు సార్‌కే నడుము పట్టేస్తే స్నేహితుడైన డాక్టరు సూది వేశాడు. మర్నాడు ఆయన మామూలుగా క్లినిక్కుకి వచ్చారు. అప్పటి నుంచి సూది అంటే ఆయనకి గురి కుదిరింది. "నాకే తగ్గింది కదమ్మా," అనేవారు. మూడు రోజులు ఆగి ఉంటే సూది లేకుండానే తగ్గేదేమో ఎవరికి తెలుసు?

వీటన్నిటికీ పైన నా చీటీ ఒకటి.

ఆ చీటీ నా సొంత తెలివి. ఉదయగిరిలో జనం తోసుకుంటుంటే, నేను వరండాలో బల్ల వేసుకుని కూర్చుని ముందే అందరినీ కనుక్కుని చిన్న కాగితం మీద రాసిచ్చే పద్ధతి పెట్టాను. ఊరు, వయసు, ఎక్కడ నొప్పి, చివర ఒక్క అక్షరం. సూది అడిగేవాళ్లకి "సూ". ఎక్స్‌రేని మావైపు ఫొటో అంటారు కాబట్టి అది కావాలనేవాళ్లకి "ఫొ". బెల్టు కోసం వచ్చినవాళ్లకి "బె". రోగి కుర్చీలో కూర్చునే లోపు సార్ ఆ అక్షరం చూసి కలం తీసేవారు. మనిషికి పది నిమిషాలు పట్టేది మూడు నిమిషాలకి వచ్చింది. సార్ ఎంత మెచ్చుకున్నారో! నాకూ గర్వంగానే ఉండేది. ఆ అక్షరం వాళ్ల ఒంట్లో ఏముందో చెప్పేది కాదు, వాళ్లు ఏమిస్తే సంతోషంగా వెళ్తారో చెప్పేది. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ చీటీని గుమ్మం దగ్గర కాంపౌండరు అందుకునేవాడు. అరవై దాటిన మనిషి, పెద్ద గొంతు. వరసగా చీటీలు పైకి చదివి పిలవడం ఆయన అలవాటు. "కొండ కింద పల్లె, నలభై ఏళ్లు, నడుము నొప్పి, సూదీ!" అని సాగదీసి చదివితే వరండా అంతా నవ్వేది. "ఏంది మామా, వేలంపాటా?" అని ఎవరో అనేవారు. "పాట నాది, సూది మీది, రాండి రాండి" అనేవాడు ఆయన. నొప్పితో వచ్చినవాళ్లు కూడా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

అందుకని ఆడవాళ్లు చెప్పే కొన్ని మాటలు చీటీలో రాసేదాన్ని కాదు. లోపలికి వెళ్లి సార్‌తో నోటితో చెప్పేదాన్ని. అది మర్యాద అనుకున్నాను. మా పాపకి కూడా అదే నేర్పాను. బడిలో ఆ మాట గట్టిగా అనొద్దు, టీచరుకి చిటికెన వేలు చూపించు చాలు, అని.

ఆ సోమవారం ఆమె తన మరిదితో వచ్చింది. భర్త లారీ డ్రైవరు, బద్వేలు వైపు లోడుతో వెళ్లాడు. శనివారం చొప్ప మోపు ఎత్తుకోబోతే నడుములో కలుక్కుమందట. నేను మామూలు ప్రశ్నలు అడిగాను. అన్నిటికీ మరిదే జవాబు చెప్పాడు. "సూదేస్తే పోతాదిలే మేడం, మా వదినకి అదే కావాలంట" అన్నాడు. "సూ" అని రాసి చీటీ అతని చేతికిచ్చాను. ఆమె లేచింది. నాలుగడుగులు వేసింది.

చెప్పు తీసుకుని నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. "నీ చెప్పు బల్ల దగ్గరే ఉండిపోయింది అక్కా."

ఆమె పాదం వైపు చూసుకుంది. "అయ్యో, ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియనే లా."

ఆమెని గోడ మూలకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి అడిగాను, కూర్చునేచోట తిమ్మిరిగా ఉందా అని.

ఆమె మరిది వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న చర్చిలో కూర్చుంటే కింద చాప ఉండాదో లేదో తెలియలేదమ్మా. అట్టే ఉండాది ఇప్పటికీ."

"ఒంటేలు సరిగ్గా వస్తోందా?"

మావైపు మూత్రాన్ని ఆ మాటే అంటాం. ఆమె తల దించుకుంది. "రాత్రి నుంచి రాలా. కూర్చుని కూర్చుని లేచినా. పొట్ట బిగిసిపోయింది."

"ఇంట్లో చెప్పావా?"

"ఎవురికి చెప్పేది? ఆయన లేడు. మరిదితో ఎట్టా చెప్తా? డాక్టరుతో అయితే చెప్పాల్నే గదా, సిగ్గు చంపుకొని చెప్తా."

అప్పుడు నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నువ్వేం చెప్పుకోబాక అక్కా. నేను సార్‌తో చెప్తాలే."

ఆమె ముఖం తేలిక పడింది. నా చెయ్యి నొక్కింది.

ఆ మాట చీటీలో చేరిస్తే కాంపౌండరు వరండా అంతా వినేలా చదువుతాడు. అందుకని చీటీ ముట్టుకోకుండా లోపలికి వెళ్లాను. సార్ దగ్గర వింజమూరు వైపు నుంచి వచ్చిన పెద్ద రైతు ఒకాయన, ఆయన కొడుకులు ఇద్దరు. నెల్లూరులో తీయించిన స్కానింగు ఫిల్ములని సార్ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. పెద్దాయన, "అయితే డిస్కు బాగుండాదంటావు? మరి అంత పెద్ద మిషన్లో పడుకోబెట్టిరే, వట్టి పుణ్యానికేనా?" అని వేళాకోళమాడుతున్నాడు. సార్ నవ్వుతున్నారు.

నలుగురు మగవాళ్లు. నేను గుమ్మంలో నిలబడి, "సార్, బయట ఒకామె ఉంది. కొండ కింద పల్లె నుంచి. ఆమెని మంచం ఎక్కించి ఒకసారి చూడండి" అన్నాను.

"చూస్తాలేమ్మా."

అంతే. రెండే మాటలు చాలు. యూరిన్ ఆగిపోయింది అంటే ఆయన చేతిలో ఫిల్ము కింద పెట్టేసేవారు. ఆ మాట వినగానే ఏ ఎముకల డాక్టరూ కూర్చోలేడు. నడుము నొప్పితో అది కూడా ఆగిందంటే వెన్ను అడుగు నరాలు నలుగుతున్నట్టు, గంటల్లో ఆపరేషన్ చెయ్యాలి. ఎందుకు అనలేదు? మగవాళ్లు ఉన్నారని కొంత. మళ్లీ నలుగురిలో డాక్టరు నువ్వా నేనా అంటారేమోనని కొంత. ఆ రెండోదే ఎక్కువని ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నాను. పెద్దాయన వెళ్లాక మళ్లీ వస్తాను, అప్పుడు వివరంగా చెప్తాను అనుకుని వెనక్కి తిరిగాను.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. మా అత్తయ్య. బాబుకి జ్వరం ఎక్కువగా ఉందని, కళ్లు తేలేస్తున్నట్టున్నాడని. వాడికి అంతకు ముందు ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఆ రోజు వాడి పళ్లు బిగిసిపోవడం నేను చూశాను. తల్లులైనవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆత్మకూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కాంపౌండరుతో "మామా, నేను పోతున్నా, బాబుకి బాగలేదు" అన్నాను.

"పో అమ్మాయ్, పో, ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు ఆయన.

వరండా దాటుతుంటే ఆమె నన్ను చూసి తల ఊపింది. చెప్పేశావు కదా అన్నట్టు. నేనూ తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ మీద ఫోన్ చేశాను. సార్‌కి ఒక్కటి చెయ్యలేదు. ఇంటికి వెళ్లేసరికి జ్వరం దిగిపోయి, బాబు అత్తయ్య ఒళ్లో కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. వాడిని ఎత్తుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో ఆమె సంగతి పూర్తిగా మరుపున పడింది.

గురువారం ఉదయగిరిలో బల్ల సర్దుకుంటుంటే కాంపౌండరు వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతులో ఎప్పటి జోరు లేదు. "అమ్మాయ్, సోమవారం చెప్పు జారిపోయినామె ఉండాదే... కాళ్లు పడిపోయినాయంట. నెల్లూరికి ఎత్తకపోయినారంట. ఆపరేషన్ చేసినారంట నిన్న."

సోమవారం సార్ ఆమెకి సూది వేశారు. నొప్పి తగ్గింది. ఆమె నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్లిందట. నొప్పి తగ్గింది కాబట్టి మిగిలినదీ తగ్గుతుందని ఇంట్లో ఇంకో రోజు ఆగారు. ఆ ఒక్క రోజే పోయింది.

సార్ నెల్లూరికి ఫోన్ చేసి మాట్లాడారు. తర్వాత ఇనుప చువ్వకి గుచ్చిన చీటీలన్నీ తీసి వెతికారు. ఆమెది దొరికింది. నా రాత.

"ఇందులో లేదే అమ్మా."

"ఆమెని చూడమన్నాను కదా సార్."

"చూశాను. మనిషిని చూశాను, నీ అక్షరం చూశాను, సూది వేశాను. మంచం ఎక్కించలేదు. ఎనభై మంది ఉన్నారు ఆ రోజు." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు తెలుసా ముందే?"

ఆయన మళ్లీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఉదయగిరిలో చీటీలు ఆగిపోయాయి. నా బల్ల పక్కన ఆడవాళ్ల కోసం కర్టెన్ కట్టించారు. కాంపౌండరు పేర్లు మాత్రమే పిలవసాగాడు, అదీ చిన్నగా. ఎవరో "ఏంది మామా, గొంతు పోయిందా?" అంటే ఆయన నవ్వలేదు. ఇంకోటి కూడా జరిగింది. రెండు నెలలపాటు సార్ నడుము అన్న ప్రతివాళ్లనీ స్కానింగుకి నెల్లూరు పంపారు, నిన్న మోపెత్తి ఇవాళ వచ్చిన కుర్రాళ్లని కూడా. వాళ్లలో ఎవరికీ ఏమీ లేదు. భయం కూడా ఒక మందుచీటీ రాస్తుందని అప్పుడు చూశాను. ముందు ఎదుటి క్లినిక్కుకి భయపడి సూదులు వేశాం. తర్వాత ఆమెకి భయపడి స్కానింగులు రాశాం. ఎదురుగా కూర్చున్న మనిషి నడుము మీద చెయ్యి వేసి చూడడం రెండుసార్లూ తగ్గిపోయింది.

ఐదు నెలలకి ఆమె ఆత్మకూరు క్లినిక్కుకి వచ్చింది. పాదానికి బలం రావడానికి వ్యాయామం చేయించమని నెల్లూరు నుంచి రాసి పంపారు. చేయించాల్సింది నేనే. నడుస్తోంది, ఎడమ పాదం ఈడుస్తూ. చెప్పు జారిపోకుండా వెనక నుంచి చీలమండకి గుడ్డపీలిక కట్టుకుంది. ఒంటేలు తనంతట రాదు. రోజుకి నాలుగుసార్లు సన్నటి గొట్టం తనే పెట్టుకోవడం నేర్చుకుంది. కాయలేక మేకలు అమ్మేశారు.

పీలిక విప్పి, పాదం నా ఒళ్లో పెట్టుకున్నాను. "పైకి లాగు అక్కా" అన్నాను. బొటనవేలు కొంచెం కదిలింది. మళ్లీ అన్నాను. మళ్లీ కొంచెం. చాలాసేపు ఇద్దరం ఆ వేలునే చూస్తూ కూర్చున్నాం.

"ఆ పొద్దు నీ బిడ్డకి బాగలేదని పోయినావంట గదా" అంది ఆమె. "బాగైనాడా?"

"బాగయ్యాడు."

"పోనీలే. లోపలికి పోయినప్పుడు ఆ అయ్య అడిగినాడమ్మా, ఇంకేమన్నా ఉండాదా అని. నువ్వు చెప్తానంటివే, చెప్పే ఉంటావులే అని నేను నోరెత్తలా."

కోపంగా అనలేదు. దారి చెప్పినట్టు అంది. అప్పటిదాకా నా మనసులో తప్పు మూడు వాటాలుగా ఉండేది. సార్‌ది ఒకటి, వరండాది ఒకటి, నాది ఒకటి, అన్నిటిలోకి చిన్నది. ఆ పూట అవన్నీ ఒక్కచోటికి వచ్చాయి. సార్ అడిగారు. ఆమె సిగ్గు చంపుకుని వచ్చింది, చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఆ నోరు మూయించింది నేను, మర్యాదగా, చెయ్యి పట్టుకుని.

"నేను చెప్పలేదు అక్కా," అన్నాను. "చూడమన్నాను అంతే. అసలు మాట చెప్పలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. పాదం వెనక్కి తీసుకోలేదు. "లాగమంటావా ఇంకోసారి?" అంది.

మూడు నెలలు వచ్చింది. తర్వాత బస్సెక్కి అంత దూరం రావడం కష్టమని మానేసింది. ఇంకొన్నాళ్లకి నేనూ మానేశాను. అడిగినవాళ్లకి పిల్లల కోసం అని చెప్పాను. అది నిజమే, కానీ అంతా కాదు. ప్రతి రోగి లేచి వెళ్తుంటే నేను వాళ్ల కాళ్లకేసే చూస్తూ ఉండేదాన్ని. అలా ఉద్యోగం చెయ్యలేరు. మీరు మాత్రం మానొద్దు. మీరు చేసేచోట చీటీ ఉంటే ఉండనివ్వండి. చివరి అక్షరం రాసే ముందు ఒకసారి లేచి నిలబడమనండి. నడవమనండి. అడగాల్సిన మాట అడగండి. విన్న మాట విన్నట్టే, దాని పేరుతోనే, ఎవరున్నా సరే, లోపల చెప్పండి. తిడతారు. తిట్టనివ్వండి.

నోరెత్తలా అని ఆమె అన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి పాపకి జడ వేస్తున్నాను. రెండో తరగతి. బాబు పక్కన కూర్చుని తన బూట్లు తనే వేసుకుంటానని, కుడిది ఎడమకాలికి తొడుగుతున్నాడు.

"పాపా, ఈ రోజు నుంచి వేలు చూపించొద్దు. టీచరు గారూ, మూత్రానికి వెళ్లాలి అని నోటితో చెప్పు" అన్నాను.

పాప అద్దంలోంచి నన్ను చూసింది. "అందరి ముందరా? నవ్వుతారమ్మా."

"నవ్వితే నవ్వనీ."

"నువ్వే కదా వద్దన్నావు?"

"నేను తప్పు చెప్పాను." బాబు కూడా బూటు ఆపి చూస్తున్నాడు. ఇద్దరినీ నా వైపు తిప్పుకున్నాను. "ఒంట్లో ఎక్కడ ఏమైనా మీరే చెప్పండి. ఎవరైనా 'నువ్వు ఊరుకో, నేను చెప్తాలే' అంటే ఊరుకోవద్దు. నేనన్నా సరే, ఊరుకోవద్దు."